ఏడో నంబరు కుటీరం

ఏడో నంబరు తీసుకోండి, అంటాను.
ఐదుకి వరండా పెద్దదే కానీ చెట్టు అడ్డం.
ఏడులోంచైతే పరుపు మీంచి లేవకుండానే
సరస్సు ఈ చివర నుంచి ఆ చివర దాకా.
నలభై మూడు మెట్లు దిగాలి,
మోకాళ్ల నొప్పులుంటే ముందే చెప్పండి.
రాత్రి పదికి జనరేటర్ ఆపేస్తారు.
దుప్పటి కింద వేడినీళ్ల రబ్బరు సంచి పెడతారు,
పిల్లి అనుకుని ఒకావిడ కెవ్వుమంది కిందటేడు.

ఇవన్నీ నాకు తెలుసు.
నేనెప్పుడూ వెళ్లలేదు.

మాదాపూర్‌లో ఐదో అంతస్తు,
స్పంజి ఊడిన హెడ్‌సెట్ నాది.
గోడ మీద రెండు గడియారాలు,
ఉగాండాది మనకంటే రెండున్నర గంటలు వెనక.
అక్కడ నీళ్ల మీద పొద్దు గుంకేవేళకి
ఇక్కడ నా అన్నం డబ్బా ఎప్పుడో చల్లారిపోయి ఉంటుంది.

ఒక రాత్రి ఏడో నంబరు నుంచే ఫోను.
బేగంపేటలో పళ్ల డాక్టరు,
పెళ్లిరోజుకని భార్యని తీసుకెళ్లాడు.
గొంతు తగ్గించి, "అమ్మా, చెట్టు మీద ఎవర్నో
పీక పిసుకుతున్నట్టుంది" అన్నాడు.
కుందేలంత జంతువండీ, హైరాక్స్ అంటారు,
మూడుసార్లు అరిచి ఊరుకుంటుంది, లెక్కపెట్టండి.
ఇద్దరం లెక్కపెట్టాం,
ఆయన అక్కడ చీకట్లో, నేనిక్కడ ట్యూబ్‌లైటు కింద.
నాలుగోసారి కూడా అరిచింది.
సారీ సర్, అన్నాను.

క్యాబ్ నన్ను గాజులరామారం మలుపులో దింపుతుంది.
మా ఇంటి వెనకా ఒక గుంత ఉంది.
మా నాయిన పల్లపు ఈదయ్య
ఇరవై రెండేళ్లు అందులో బండ పగలగొట్టాడు.
తూటా అంటించేముందు
"హుషార్!" అని కేకేసే పని ఆయనదే,
కుక్కలు కూడా పరుగెత్తేవట ఆ గొంతుకి.
ఎడమ చెవి బండతోపాటే పోయింది.
మాట్లాడాలంటే కుడివైపు కూర్చోవాలి.

మోటార్లు ఆపిన ఏడాదే నీళ్లు ఊరాయి.
పచ్చటి నీళ్లు, అడుగు తెలియని నీళ్లు.
ఎండాకాలం పిల్లలు దూకుతారు.
అందరూ పైకి రారు.

మొన్న గుంత గట్టున హోర్డింగు లేచింది,
"మీ కిటికీ తెరిస్తే సరస్సు" అని.
నీలం నీళ్లు, అంచున పొగమంచు.
చూడగానే గుర్తుపట్టాను.
మా ఆఫీసు ఫోటోనే.
ఏడో నంబరు వరండాలోంచి తీసింది.
ఎడమ మూల కిరీటపు కొంగని తుడపడం మరిచిపోయారు.
ఒంటికాలి మీద నిలబడి ఉందది,
డబుల్ బెడ్‌రూం ఎనభై ఎనిమిది లక్షల పక్కన.

నాయిన నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి
చాలాసేపు చూశాడు.
"గిది మన గుంత గాదు."
కాదు నాయినా, ఆఫ్రికాల ఉంటది.
"గంత గుండ్రంగ ఎవరు పేల్చిన్రు?"
ఎవరూ కాదు. భూమే పేలింది, లోపలి మంటకు.
నోట్లో పుల్ల అటునుంచి ఇటు తిప్పాడు.
ఎన్ని తూటాల లోతో కొలుస్తున్నాడనుకున్నా.
కుడి చెవి నావైపు తిప్పి అడిగాడు:
"మరి హుషార్ అని కేకేసిందెవరు?"

ఏడో నంబరు గురించి ఏదడిగినా చెప్తాను,
దోమతెర రంగు, స్నానాల గది తలుపు ఎటు తెరుచుకునేది,
తొట్టి పడవ నడిపే ముసలాయన ఏ రోజు రాడన్నదీ.
ఇది నా దగ్గర లేదు.

మర్నాడు డ్యూటీలో ఒకావిడ అడిగింది,
అక్కడ నిశ్శబ్దంగా ఉంటుందా అని.
ఇప్పుడు ఉంటుందండీ, అన్నాను.
తర్వాత మెట్ల సంగతి చెప్పాను.